పంచాంగం మీద నెత్తుటి వేలిముద్ర

మంచం మీద గొంతు తెగిన శవం. దోచుకున్న ఇనప్పెట్టె. చిందరవందరగా పడి ఉన్న కాగితాలు. చూసిన సాక్షి ఒక్కడూ లేడు. అనుమానం మాత్రం చుట్టుపక్కల వారందరి మీదా ఉంది. నూట పాతికేళ్ళ కిందటి ఈ కేసులో చివరకు నోరు విప్పింది మనిషి కాదు, ఒక నీలిరంగు అట్ట మీద మిగిలిన గోధుమరంగు మరక. మన దేశంలో వేలిముద్ర సాక్ష్యంతో నేరస్థుడికి శిక్ష పడిన తొలి కేసుగా ఇది చరిత్రకెక్కింది. ఆ వేలిముద్ర ఏం చెప్పింది, ఏం చెప్పలేకపోయింది అన్నదే ఈ కథలో అసలు సంగతి.

తేయాకు తోటలో హత్య

అది 1897 ఆగస్టు మాసం. బెంగాల్‌కు ఉత్తర కొసన, భూటాన్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న జల్పాయ్‌గురి జిల్లా. 1865లో భూటాన్‌తో యుద్ధం జరిగాక ఆ కొండవార ప్రాంతం ఆంగ్లేయుల చేతికి వచ్చింది. ఆ తర్వాత పదేళ్ళకల్లా అక్కడ అడవులు నరికి తేయాకు తోటలు వేయడం మొదలైంది. తోట అంటే పది ఎకరాల మామిడితోట కాదు. వందలాది కూలీలు, వాళ్ళ పాకలు, గుమాస్తాలు, ఆకు ఆరబెట్టే షెడ్లు, వీటన్నిటి పైనా పెత్తనం చేసే మేనేజరు. అదొక ఊరు కింద లెక్క.

అలాంటి తోటల్లో కాఠల్‌గురి ఒకటి. దాని మేనేజరు హృదయనాథ్ ఘోష్. ఒకనాడు ఆయన తన మంచం మీదే గొంతు కోసి ఉండగా కనిపించాడు. కాగితాలు దాచుకునే పెట్టెను, డబ్బు దాచే ఇనప్పెట్టెను ఎవరో తెరిచి గాలించారు. కొన్ని వందల రూపాయలు పోయాయి. ఆ రోజుల్లో వందల రూపాయలంటే చిన్న మొత్తం కాదు.

పోలీసులు వచ్చారు. తోట తోటంతా గుసగుసలతో నిండిపోయింది. తలా ఒక పేరు చెప్పారు.

అనుమానితులు ఎందరో!

మొదటి అనుమానం కూలీల మీదకు పోయింది. ఘోష్ పని దగ్గర చాలా కఠినంగా ఉంటాడని పేరు. దెబ్బతిన్న కూలీ ఎవడైనా కసి తీర్చుకున్నాడేమోనని కొందరు అన్నారు.

రెండవది ఒక స్త్రీ బంధువుల మీద. ఆమెతో ఘోష్‌కు సంబంధం ఉందని అందరికీ తెలుసు. పరువు పోయిందని ఆమె తాలూకు వాళ్ళు పగబట్టి ఉండవచ్చునని మరికొందరి మాట.

మూడవది కాబూలీల మీద. ఊరూరా తిరిగే ఒక కాబూలీల గుంపు కొద్ది రోజుల ముందు ఆ చుట్టుపక్కల గుడారాలు వేసుకుంది. ఊరికి కొత్తవాళ్ళు, దేశదిమ్మరులు. దొంగతనం జరిగితే వేలు ముందుగా చూపించేది అటువంటి వాళ్ళ వైపే గదా!

నాలుగవవాడు వంటమనిషి. ఇతని మీద మాటలే కాదు, ఆనవాలు కూడా ఉంది. అతని బట్టల మీద నెత్తుటి మరకలు కనిపించాయి. యజమాని గొంతు తెగి చచ్చాడు, ఇంట్లో తిరిగే వంటవాడి బట్టల మీద రక్తం ఉంది. ఇంతకంటే ఇంకేం కావాలి? ఇంకో కాలంలో అయితే అతన్ని ఠాణాకు లాక్కుపోయి నాలుగు తగిలించి ఒప్పించేవారు.

ఇక ఐదవవాడు ఘోష్ దగ్గర లోగడ పనిచేసిన నౌకరు కంగాళీ చరణ్. దొంగతనం చేశాడని ఘోష్ అతన్ని జైలుకు పంపించాడు. శిక్ష ముగిసి కొన్ని వారాల కిందటే విడుదలయ్యాడు. పగ ఉండటానికి కారణం ఉంది. కానీ విడుదలయ్యాక అతన్ని ఆ జిల్లాలో చూశామన్నవాడు ఒక్కడూ లేడు. లేని మనిషిని ఎలా పట్టుకునేది?

పోలీసులు ఒక్కొక్కరినే విచారించారు. కూలీల మీద ఆధారం దొరకలేదు. ఆ స్త్రీ బంధువుల మీదా దొరకలేదు. కాబూలీల మీదా దొరకలేదు. వాళ్ళను వదిలేశారు.

వంటవాణ్ణి కాపాడిన పావురం

మిగిలింది వంటమనిషి. "ఇది మనిషి రక్తం కాదు బాబూ, అయ్యగారి భోజనానికి పావురాన్ని కోశాను, ఆ రక్తం" అన్నాడతను. నమ్మేదెలా? ఆ బట్టలను రసాయన పరీక్షకు పంపించారు. వంటవాడు చెప్పినది నిజమేనని పరీక్ష తేల్చింది.

ఆ కాలానికే అది ఎలా తెలుస్తుందనుకుంటారేమో. రక్తంలో ఎర్రని కణాలుంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే మనిషివి, ఆవువి, మేకవి, కుక్కవి గుండ్రంగా బిళ్ళల్లా కనిపిస్తాయి. కోడి, పావురం వంటి పక్షులవి కోలగా ఉంటాయి. వాటి నడుమ గింజలాంటి కేంద్రకం ఉంటుంది. పాలిచ్చి పెంచే జంతువుల ఎర్ర కణాల్లో అది ఉండదు. కనుక పక్షి రక్తమా, పశువుల కోవకు చెందిన రక్తమా అన్నది అప్పటికే చెప్పగలిగేవారు. అయితే మనిషిదా, మేకదా అని మాత్రం చెప్పలేరు. ఆ రెండింటి తేడాను నిశ్చయంగా తేల్చే పరీక్షను ఉహ్లెన్‌హుత్ అనే జర్మన్ వైద్యుడు కనిపెట్టింది 1901లో. అంటే ఈ హత్య జరిగిన నాలుగేళ్ళకు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు దీనితో పని ఉంది.

ఏమైతేనేం, ఒక పావురం ఒక పేదవాణ్ణి ఉరికంబానికి దూరం చేసింది. కానీ అసలు దోషి ఎవరన్నది తేలలేదు. కేసు మొదటికి వచ్చింది.

నీలి అట్ట మీద రెండు మరకలు

దొంగ గాలించి పారేసిన కాగితాల పెట్టెలో ఒక పుస్తకం ఉంది. బెంగాలీ అక్షరాల్లో అచ్చయిన క్యాలెండర్ పుస్తకం, మన ఇళ్ళలో దూలానికి వేలాడే పంచాంగం వంటిది. దానికి లేత నీలిరంగు కాగితపు అట్ట. ఆ అట్ట మీద రెండు చోట్ల గోధుమరంగు మరకలు లీలగా కనిపించాయి. మామూలుగా అయితే ఏ తమలపాకు మరకో, టీ మరకో అనుకుని ఊరుకునేవారు.

భూతద్దం పెట్టి చూశారు. ఒక మరకలో సన్నని గీతలు వరుసగా తీర్చినట్లు కనిపించాయి. అది ఎవరిదో కుడిచేతి వేలిముద్ర. పూర్తిగా పడలేదు, కొంత భాగమే పడింది. అయినా గీతలు చదవటానికి వీలుగా ఉన్నాయి.

పోలీసులు ఊహించింది ఇది. ఇనప్పెట్టె తాళంచెవి కోసం కాగితాల పెట్టెలో చెయ్యి పెట్టి వెతికాడు దొంగ. ఆ చేతికి నెత్తురు అంటి ఉంది. బొటనవేలు పంచాంగం అట్టకు తగిలింది. సిరాలో ముంచి కాగితం మీద నొక్కినట్లుగా, నెత్తుటితో తన నిశాని తానే వేసిపోయాడు.

నిశాని దొరికింది. కానీ అది ఎవరిదో చెప్పేదెవరు? 1897 కంటే పదేళ్ళు ముందు ఈ హత్య జరిగి ఉంటే ఆ పంచాంగం ఏ చెత్తకుప్పలోనో పడి ఉండేది. అదృష్టవశాత్తు కలకత్తాలో అప్పటికే ఒక కొత్త ఏర్పాటు ఉంది. దాని కథ తెలియాలంటే ఇంకో నలభై ఏళ్ళు వెనక్కు పోవాలి.

కంకర కాంట్రాక్టుతో మొదలు

1858 జులైలో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే యువ ఆంగ్లేయ అధికారి రోడ్డు వేయటానికి కంకర తోలించే పని ఒకటి కుదుర్చుకున్నాడు. కాంట్రాక్టరు పేరు రాజ్యధర్ కొనాయ్, అక్కడి పల్లెటూరి మనిషి. ఒప్పందం రాసుకున్నారు. కానీ రేపు పొద్దున "ఈ సంతకం నాది కాదు" అని అడ్డం తిరిగితే? అలా అడ్డం తిరిగే కేసులు అప్పట్లో కొల్లలు. హెర్షెల్‌కు ఒక ఆలోచన వచ్చింది. ముద్రలు వేసే సిరాను కొనాయ్ అరచేతికి పూసి, ఒప్పందం కాగితం వెనుక అరచెయ్యి మొత్తం నొక్కించాడు. అప్పటికి అది శాస్త్రం కాదు, భయపెట్టడానికి వేసిన ఎత్తు మాత్రమే.

అయితే ఆ గీతలు హెర్షెల్‌ను వదలలేదు. ఏళ్ళ తరబడి తెలిసినవారివీ, తనవీ వేలిముద్రలు తీసి దాచుకున్నాడు. ఏళ్ళు గడిచినా గీతలు మారలేదని గమనించాడు. 1877లో హుగ్లీ జిల్లాలో మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు ఫించన్లు తీసుకునేవారి చేత, దస్తావేజులు రిజిస్టరు చేయించుకునేవారి చేత వేలిముద్రలు వేయించాడు. చచ్చినవాడి పేరున ఫించను తీసుకోవడం, ఒకరి భూమిని ఇంకొకరు అమ్మడం వంటి మోసాలకు అలా అడ్డుకట్ట వేయాలని చూశాడు.

1880లో జపాన్‌లో పనిచేస్తున్న హెన్రీ ఫాల్డ్స్ అనే స్కాట్లండ్ డాక్టరు, నేరం జరిగిన చోట దొరికే వేలిముద్రలతో దొంగలను పట్టవచ్చునని ఒక శాస్త్ర పత్రికకు రాశాడు. 1892లో ఫ్రాన్సిస్ గాల్టన్ వేలిముద్రల మీద ఒక పెద్ద పుస్తకమే వెలువరించాడు. ఏ ఇద్దరి ముద్రలూ ఒకటిగా ఉండవనీ, తల్లి కడుపులో ఏర్పడిన గీతలు చచ్చేదాకా మారవనీ అప్పటికి స్పష్టమైంది.

మిగిలిన చిక్కు ఒకటే. వేలకొద్దీ ఖైదీల వేలిముద్రలు తీసి బీరువాలు నింపవచ్చు. వాటిలో నుంచి కావలసిన ఒక్క కాగితాన్ని తీసేదెలా? అన్నిటినీ ఒక్కొక్కటిగా తిరగేస్తూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

శంఖు చక్రాల లెక్క

ఆ చిక్కు విప్పింది కలకత్తాలోని బెంగాల్ పోలీసు కార్యాలయం. పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ దగ్గర ఇద్దరు భారతీయ ఉద్యోగులుండేవారు. ఒకరు కాజీ అజీజుల్ హక్, మరొకరు హేమచంద్ర బోస్. ఇద్దరిదీ ఖుల్నా ప్రాంతమే, ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉంది. హక్‌కు లెక్కలంటే ప్రాణం. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకున్నాడు.

వారి పద్ధతి మన పల్లెల్లో ఎవరికైనా తేలిగ్గా అర్థమవుతుంది. పసిబిడ్డ పుట్టగానే మన పెద్దవాళ్ళు వేళ్ళు పట్టి చూసి, శంఖాలెన్ని, చక్రాలెన్ని అని లెక్కపెట్టే అలవాటు ఉంది గదా. సుడి తిరిగితే చక్రం. ఒకవైపు నుంచి వచ్చి మడత తిరిగి అటే పోతే శంఖం. వీటికి తోడు వంపు తిరిగిన విల్లులాంటి రకం ఒకటి అరుదుగా ఉంటుంది. వారి మొదటి లెక్కలో చూసేది ఒక్కటే: ఈ వేలికి చక్రం ఉందా, లేదా?

పది వేళ్ళనూ రెండేసి చొప్పున ఐదు జతలుగా విడదీశారు. ఒక జతలో రెండు వేళ్ళకూ చక్రాలుండవచ్చు. రెండింటికీ లేకపోవచ్చు. మొదటిదానికి ఉండి రెండోదానికి లేకపోవచ్చు. రెండోదానికి ఉండి మొదటిదానికి లేకపోవచ్చు. మొత్తం నాలుగు దారులు. ఐదు జతలకూ కలిపి గుణిస్తే 4 × 4 × 4 × 4 × 4, అంటే 1024 దారులు. 32 వరుసలు, వరుసకు 32 గూళ్ళు ఉండే బీరువాలో ఎవరి కాగితమైనా తన గూటికి తాను పోతుంది. తపాలా ఆఫీసులో ఏ ఊరి ఉత్తరం ఆ ఊరి గూట్లో పడినట్టు! కొత్తగా దొంగ ఒకడు పట్టుబడి తప్పుడు పేరు చెప్పినా, పది వేళ్ళూ చూసి నిమిషాల్లో పాత కాగితం తీసి చూపించవచ్చు.

అంతకు ముందు ఫ్రాన్సు దేశపు బెర్తిలాన్ పద్ధతిలో ఖైదీల తల పొడవు, చెయ్యి పొడవు వంటివి కొలిచి రాసుకునేవారు. కొలిచేవాడి చెయ్యి కొంచెం అటూ ఇటూ అయితే మనిషే మారిపోయేవాడు. వేలిముద్రకు ఆ బెడద లేదు. 1897 మార్చిలో ప్రభుత్వం వేసిన సంఘం రెండు పద్ధతులనూ పోల్చి వేలిముద్రల వైపే మొగ్గింది. అదే సంవత్సరం జూన్‌లో ప్రభుత్వం దీనిని ఆమోదించింది. కలకత్తాలో వెలసిన ఆ కార్యాలయం ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల కార్యాలయంగా పేరుపొందింది.

జూన్‌లో ఆమోదం. ఆగస్టులో కాఠల్‌గురి హత్య. కొత్త విద్యకు తొలి పరీక్ష రెండు నెలల్లోనే ఎదురైంది.

దొరికాడు!

నీలి అట్ట కలకత్తా చేరింది. పది వేళ్ళ లెక్కతో అమర్చిన గూళ్ళలో ఒక్క వేలి ముద్ర పట్టుకుని వెతకడం గడ్డివాములో సూదిని వెతకడం వంటిదే. కానీ అనుమానితుల్లో ఒక పాత ఖైదీ ఉన్నాడు. కొన్ని రకాల నేరాల్లో శిక్షపడిన ప్రతివాడి వేలిముద్రలూ ఆ కార్యాలయంలో ఉన్నాయి. కంగాళీ చరణ్‌వీ ఉన్నాయి.

పోల్చి చూశారు. పంచాంగం మీది ముద్ర కంగాళీ చరణ్ కుడి బొటనవేలి ముద్రతో గీతకు గీత సరిపోయింది.

విధి విచిత్రం ఏమిటంటే, దొంగతనం చేశాడని నౌకరును జైలుకు పంపించింది ఘోషే. శిక్ష పడిన ఖైదీ కనుకనే ఆ వేలిముద్ర సర్కారు బీరువాలోకి చేరింది. తన ప్రాణం పోయాక అదే అక్కరకు వచ్చింది.

కంగాళీ చరణ్ కోసం వేట మొదలైంది. వందల మైళ్ళ దూరాన బీర్భూమ్ జిల్లాలో అతను దొరికాడు. కలకత్తా తీసుకువచ్చి మళ్ళీ కుడిచేతి ముద్రలు తీశారు. మళ్ళీ అదే వేలు. ఈలోగా పోలీసులు ఇతర సాక్ష్యాలు కూడగట్టారు. అట్ట మీది మరకలను ప్రభుత్వ రసాయన పరీక్షకుడు పరీక్షించి, అది పాలిచ్చే జంతువుల కోవకు చెందిన రక్తమని ధ్రువీకరించాడు. మనిషి రక్తం అని మాత్రం చెప్పలేదు. చెప్పే విద్య అప్పటికి లోకంలో లేదు.

కోర్టులో ఏం జరిగింది?

కంగాళీ చరణ్ మీద రెండు నేరాలు మోపారు. ఒకటి హత్య. రెండు దొంగతనం. 1898లో జడ్జి ఎదుట, అసెసర్ల ఎదుట విచారణ జరిగింది. అసెసర్లంటే విచారణంతా విని తమ అభిప్రాయం చెప్పడానికి కోర్టు పిలిచే పౌరులు. ఆ పద్ధతి ఇప్పుడు మన కోర్టుల్లో లేదు.

ఊళ్ళో రచ్చబండ దగ్గరైతే తీర్పు ఒక్క క్షణంలో వచ్చేసేది. పగ ఉంది. వాడి వేలిముద్ర ఉంది. ఆ ముద్ర నెత్తుటితో పడింది. ఇంకా ఆలోచించేదేముంది, వాడే చంపాడు!

అసెసర్లు అలా అనలేదు. ఘోష్ సొత్తు కాజేసింది కంగాళీ చరణేనని నిస్సందేహంగా రుజువైందన్నారు. కానీ హత్య జరగగా చూసినవారు ఎవరూ లేరు గనుక, హత్యానేరం కింద శిక్షించడం క్షేమకరం కాదని అభిప్రాయపడ్డారు. దొంగతనం నేరానికే శిక్ష పడింది. పై కోర్టుకు అప్పీలు వెళ్ళింది. అక్కడా ఆ శిక్షే ఖాయమైంది.

ఇది వింటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. మనిషిని చంపినవాడు దొంగగా తప్పించుకున్నాడా అనిపిస్తుంది. కానీ నిదానంగా ఆలోచిస్తే అసెసర్ల మాటలోని బరువు తెలుస్తుంది.

ఆ వేలిముద్ర ఏం చెప్పింది? నెత్తుటి చేతితో కంగాళీ చరణ్ ఆ కాగితాల పెట్టెలో చెయ్యి పెట్టాడని చెప్పింది. అంతవరకు అది అబద్ధమాడదు. గొంతు కోసింది ఎవరని అడిగితే అది మాట్లాడదు. కత్తి పట్టింది అతనే కావచ్చు, వెంట వచ్చిన ఇంకొకడు కావచ్చు. ఆ రాత్రి ఎందరు వచ్చారో అట్ట చెప్పదు. పైగా ఆ రక్తం మనిషిదేనని కూడా రసాయన పరీక్ష చెప్పలేకపోయింది. ప్రాణం తీసే శిక్ష వేయాలంటే అనుమానం చాలదు, ఊహ చాలదు. అదే కేసులో మొదట వంటవాడి బట్టల మీద రక్తం చూసి అందరూ ఏమనుకున్నారో మరిచిపోకూడదు.

ఇతర దేశాల్లో ఏం జరిగింది?

దీనికి ఐదేళ్ళ ముందు, 1892 జూన్‌లో, దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశంలో నెకొచెయా అనే ఊళ్ళో ఇద్దరు పసిపిల్లలు ఇంట్లో హత్యకు గురయ్యారు. తల్లి ఫ్రాన్సిస్కా రోహాస్ మెడ మీదా గాయం ఉంది. తెలిసినవాడైన వెలాస్క్వెజ్ అనే మనిషి చేశాడని ఆమె చెప్పింది. పోలీసులు అతన్ని చిత్రహింసలు పెట్టారు. ఎంత బాధించినా అతను ఒప్పుకోలేదు. చివరకు అల్వారెజ్ అనే అధికారి వచ్చి తలుపు మీద నెత్తుటి వేలిముద్ర ఒకటి కనిపెట్టాడు. ఆ చెక్కముక్కను కోసి తీసుకువెళ్ళి పోలిస్తే అది తల్లి బొటనవేలిదే అని తేలింది. ఆ సంగతి చెప్పగానే ఆమె నేరం ఒప్పుకుంది. యావజ్జీవ శిక్ష పడింది. ఆ దేశంలో వేలిముద్రల పద్ధతిని నెలకొల్పినవాడు హువాన్ వుసెటిచ్.

అక్కడ నేరస్థురాలు నోటితో ఒప్పుకుంది గనుక కోర్టుకు చిక్కు రాలేదు. కాఠల్‌గురి కేసులో ఒప్పుకోలు అనే ఊతం అసెసర్లకు లేదు.

1905లో లండన్ దగ్గరి డెట్‌ఫర్డ్‌లో రంగుల దుకాణం చూసుకునే వృద్ధ దంపతులను చంపి డబ్బు దోచారు. డబ్బుపెట్టె లోపలి రేకు మీద ఒక బొటనవేలి ముద్ర దొరికింది. అది ఆల్ఫ్రెడ్ స్ట్రాటన్ అనేవాడిదని తేలింది. అతన్నీ, అతని తమ్ముణ్ణీ ఉరితీశారు. అక్కడ ముద్రతో పాటు చూసిన సాక్షులు కూడా ఉన్నారు. అయినా ఆ కేసు జడ్జి సైతం ఒక్క వేలిముద్ర మీదే పూర్తిగా ఆధారపడవద్దని జ్యూరీని హెచ్చరించాడు. ఆ ముద్రను పోల్చింది స్కాట్లండ్ యార్డులోని వేలిముద్రల విభాగం. దానిని 1901లో నెలకొల్పింది మరెవరో కాదు, కలకత్తా నుంచి వెళ్ళిన ఎడ్వర్డ్ హెన్రీయే! బెంగాల్ విద్య అలా లండన్‌కు చేరింది.

చట్టంలో చోటు, పేరులో వాటా

కంగాళీ చరణ్ కేసు ముగిసిన మరుసటి ఏడు, 1899లో, సాక్ష్యాల చట్టాన్ని సవరించారు. వేలిముద్రల నిపుణుడు కోర్టులో చెప్పే అభిప్రాయం సాక్ష్యంగా చెల్లుతుందని అందులో చేర్చారు. ఆ చట్టం బ్రిటిష్ ఇండియా అంతటికీ వర్తించింది గనుక అప్పటి మద్రాసు రాజధానిలో ఉన్న మన తెలుగు జిల్లాల కోర్టులకూ అదే నియమమయింది. 1872 నాటి ఆ చట్టం స్థానంలో 2024 జులై నుంచి కొత్త సాక్ష్యాల చట్టం వచ్చినా, వేలిముద్రల నిపుణుని మాటకు ఉన్న విలువ అలాగే ఉంది.

1900లో హెన్రీ వేలిముద్రల మీద పుస్తకం రాశాడు. కాఠల్‌గురి హత్య వివరాలు అందులోనే ఉన్నాయి. ఆ పుస్తకంతో పద్ధతికి "హెన్రీ పద్ధతి" అనే పేరు స్థిరపడింది. గూళ్ళ లెక్క కట్టిన హక్ పేరు, ఆయనతో కలిసి శ్రమించిన బోస్ పేరు చాలాకాలం మరుగునపడ్డాయి. వాళ్ళ కృషిని హెన్రీ తర్వాత ఎప్పుడో ఒప్పుకున్నాడు. హక్‌కు ఖాన్ బహదూర్, బోస్‌కు రాయ్ బహదూర్ బిరుదులు వచ్చాయి. చెరి ఐదువేల రూపాయల పారితోషికం కూడా దక్కింది. హక్ 1935లో బీహార్‌లోని మోతీహారిలో కన్నుమూశాడు. తర్వాతి కాలంలో బ్రిటన్‌లోని వేలిముద్రల నిపుణుల సంఘం ఈ ఇద్దరి పేరుతో ఒక బహుమతి ఏర్పాటు చేసింది. ఆలస్యంగానైనా న్యాయం జరిగింది.

ఈనాటి మాట

ఇప్పుడైతే ఆ నీలి అట్ట మీది మరక ఏ జంతువుదో, ఏ మనిషిదో కూడా చెప్పగలరు. ఆ రక్తం ఘోష్‌దే అయితే ఆ సంగతి డి.ఎన్.ఎ. పరీక్ష తేల్చేస్తుంది. ఒక్క వేలి ముద్ర దొరికినా కంప్యూటరు దేశమంతటి నేరస్థుల ముద్రలతో పోల్చి చూస్తుంది. 2022లో అందుకోసం జాతీయస్థాయి ఏర్పాటు జరిగింది. కానీ అంత వెలుగులోనూ అసెసర్ల ప్రశ్న అలాగే నిలిచి ఉంది. వేలు అక్కడ తగిలిందని యంత్రం చెబుతుంది. ఎందుకు తగిలింది, ఎప్పుడు తగిలింది, తగిలినవాడే నేరం చేశాడా అన్నది మనుషులే తేల్చుకోవాలి.

మన ఊళ్ళలో చదువురాని వాడిని "వేలిముద్రగాడు" అని వెక్కిరించడం ఉంది. ప్రోనోటు మీద, పొలం దస్తావేజు మీద నిశాని వేసేటప్పుడు పాతతరం రైతు సిగ్గుతో తల వంచుకునేవాడు. నిజానికి సంతకాన్ని ఇంకొకడు అనుకరించవచ్చు. ఆ నిశానిని అచ్చంగా వేయగలిగే చెయ్యి లోకంలో ఇంకొకటి లేదు. ఇవాళ చదువుకున్నవాడు సైతం రిజిస్ట్రారు ఆఫీసులో, చౌకధరల దుకాణంలో యంత్రం మీద వేలు పెట్టక తప్పడం లేదు. మట్టిపని చేసి, సున్నం కలిపి, పత్తి ఏరి గీతలు అరిగిపోయిన వేళ్ళను మాత్రం ఆ యంత్రం ఒక్కోసారి గుర్తుపట్టదు. పని మానితే కొద్దిరోజుల్లో గీతలు మళ్ళీ తేలతాయి. కష్టజీవికి పని మానే వీలే ఉండదు.

అందుకే ఎవరైనా కాగితం ముందు పెట్టి వేలు పెట్టమంటే, అందులో ఏముందో చదివించుకుని విన్నాకే పెట్టాలి. పడిన ముద్ర తర్వాత ఎవరు తుడిచినా పోదు. 1858లో రాజ్యధర్ కొనాయ్ అరచేతికి సిరా పూసినప్పుడు హెర్షెల్ కోరుకున్నది అదే. 1897లో కంగాళీ చరణ్ కొంప ముంచిందీ అదే.